తిన్నె ముందు కొయ్య మెట్లు చీకిపోతే: మళ్లీ కట్టే పద్ధతి, కొలతలు, జాగ్రత్తలు

చీకిపోయిన కొయ్య మెట్టు పలకను ఊడదీసి ఒకసారి తిరగేసి చూడండి. నడుమ భాగం, అంటే రోజూ కాళ్లు పడే చోటు, గట్టిగానే ఉంటుంది. గోటితో గీకినా గీత పడదు. రెండు చివర్లు మాత్రం, మెట్లను పక్కనుంచి మోసే ఏటవాలు దూలం (పక్క దూలం) గాడిలోకి దిగిన రెండంగుళాల మేర, పాలలో నానిన రస్కులా చేతికి ఊడి వస్తాయి. పైనుంచి కొట్టిన ప్రతి మేకు చుట్టూ నల్లటి వలయం కనిపిస్తుంది. అక్కడ దబ్బనం గుచ్చితే అంగుళం లోతుకు దిగిపోతుంది. తొక్కి తొక్కి అరిగిపోయిన మెట్టు మనకు దాదాపు దొరకదు. నీళ్లు దూరి, బయటికి వచ్చే దారిలేక నిలిచిపోయిన చోటే మెట్టు పోతుంది. మళ్లీ కట్టేటప్పుడు ముందు పట్టించుకోవాల్సింది దీన్నే. ఏ కొయ్య కొనాలన్న మాట ఆ తరవాత.

తిరుపతి, చిత్తూరు పాత వీధుల్లో ఎత్తు తిన్నెల ఇళ్ల ముందు ఎక్కువగా కనిపించేవి రాతి మెట్లే. కొయ్య మెట్లు పెట్టుకున్న ఇళ్లు తక్కువ. పెట్టుకున్న చోట దానికో లెక్క ఉంటుంది. గోడకూ వీధికీ నడుమ నీళ్లు పారే దారి ఉండి, దాన్ని మూయకుండా పైనుంచి దాటాలి. పూడిక తీయాల్సి వస్తే మెట్లను విప్పి పక్కన పెట్టగలగాలి. అలాంటి చోట "ఇదంతా ఎందుకు, కాంక్రీటు పోసేద్దాం" అనే సలహా తప్పకుండా వస్తుంది. పాత ఇంటి గోడ సున్నం, మట్టి, రాయితో కట్టింది. దానికి ఆనించి కాంక్రీటు మెట్లు పోస్తే ఆ గోడ ఆరడానికి ఉన్న ముఖం మూసుకుపోతుంది. తడి పైకి ఎగబాకుతుంది, లోపలి గోడ కింది భాగంలో సున్నం పొట్టు రాలడం మొదలవుతుంది. పైగా కొత్త బరువు వేరుగా కుంగుతుంది కాబట్టి పాత గోడకూ మెట్లకూ మధ్య పగులు వస్తుంది. ఆ పగుల్లోకి పోయిన వాన నీళ్లు నేరుగా పునాదిలోకే దిగుతాయి. కొయ్య మెట్లు ఉన్న ఇంటికి కొయ్య మెట్లే కట్టుకోవడం మేలు.

మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి అందరికీ గుర్తే. అయినా మెట్లను నిజంగా తినేది ఆ వాన కాదు. కొయ్యలో తేమ 20 శాతం దాటి చాలాకాలం అలాగే నిలిస్తేనే కుళ్లు పట్టే బూజు పెరుగుతుంది. వాన ఎంత గట్టిగా కురిసినా తరవాత నాలుగు రోజులు ఎండ కాస్తే, గాలి ఆడే పలక ఆరిపోతుంది. తెల్లవారుజామున చల్లే కళ్లాపి, మా వైపు సానిపి అంటాం, అది ఏడాది పొడవునా ఉంటుంది. శుక్రవారం గడప కడిగి పోసిన బకెట్ నీళ్లూ అంతే. నేల మీద పడిన నీళ్లు చిమ్మి అడుగు ఎత్తు దాకా తడుపుతాయి. ముగ్గు పిండి సందుల్లో చేరి ఆ తడిని పట్టి ఉంచుతుంది. అందుకే అట్టడుగు మెట్టు, పక్క దూలాల పాదాలు అన్నిటికంటే ముందు పోతాయి. సానిపి మానేయమని ఎవరికీ చెప్పలేం, చెప్పకూడదు కూడా. ఆ నీళ్లకు అందకుండా కొయ్యను పైకి ఎత్తాలి.

ఒక్కోసారి అడుగు మెట్టు బాగుండి, మూడో మెట్టో నాలుగో మెట్టో చీకి ఉంటుంది. అప్పుడు తల ఎత్తి చూడండి. చూరు అంచు సరిగ్గా ఆ మెట్టు మీదికే ఉంటుంది. చూరుకు రేకు గొట్టం కట్టి నీళ్లను పక్కకు మళ్లించకుండా ఎన్ని పలకలు మార్చినా అదే మెట్టు మళ్లీ పోతుంది.

ఊడదీసే ముందు

ఏది చీకింది, ఏది చెద తిన్నది, ఏది పుచ్చింది అన్నది ముందు తేల్చుకోవాలి. దేని మందు దానిదే. చీకిన కొయ్య గోధుమ రంగుకు తిరిగి చిన్న చిన్న పలకలుగా పగులుతుంది, లేదా తెల్లబడి పీచులా లేస్తుంది. చెద తిన్నది పైకి మామూలుగా కనిపిస్తుంది. సుత్తి పిడితో తడితే డొల్ల శబ్దం వస్తుంది, విప్పితే లోపల మట్టి ఉంటుంది. పుచ్చు పట్టినదానికి గుండుసూది తల అంత బెజ్జాలు, కింద పిండిలాంటి పొడి. చెదలు ఉంటే మెట్లు మార్చి ఊరుకోవడం దండగ. అవి వచ్చేది నేలలోంచి. పునాది అంచు వెంట మట్టికి చెదల మందు పట్టించే పని ముందు జరగాలి. దాన్ని లైసెన్సు ఉన్నవాళ్లతో, డబ్బా మీద రాసిన మోతాదులోనే చేయించండి. బావి గానీ బోరు గానీ దగ్గర్లో ఉంటే ఆ సంగతి వాళ్లకు ముందే చెప్పాలి.

మెట్ల కింద చీకటి, చెమ్మ ఉంటాయి కాబట్టి తేళ్లు, జెర్రులు చేరి ఉంటాయి. చేతులకు తోలు గ్లౌజులు, కాళ్లకు బూట్లు లేకుండా చెయ్యి పెట్టొద్దు. పైమెట్టు నుంచి కిందికి విప్పుకుంటూ రావాలి. పక్క దూలాలకు ముందే రెండు కర్రలు ఆనించి పెట్టుకోండి. పాదం చీకిన దూలం, మీద పలకలు పోగానే ఒక్కసారిగా పక్కకు ఒరుగుతుంది.

పాత పలకల్లో గట్టిగా ఉన్న నడుమ భాగాలను పారేయకండి. కింద చెప్పబోయే అడ్డపట్టీలకు అవి చక్కగా సరిపోతాయి. ఇంకొక మాట. మనం ఉన్నది శేషాచలం అంచున. పాత ఇళ్లలో అక్కడక్కడా ముదురు ఎరుపు రంగులో, చేతికి ఇనుములా బరువుగా ఉండే కొయ్య బయటపడుతుంది. ఎర్రచందనం కావచ్చని అనుమానం వస్తే కొయ్యడం, అమ్మడం, బండిలో వేసి ఇంకో చోటికి తీసుకుపోవడం ఏదీ చేయొద్దు. అటవీ శాఖవాళ్లను అడిగి, వాళ్ల కాగితం చేతిలో ఉన్నాకే కదపండి.

కొలతలు

వీధి మట్టం నుంచి తిన్నె పైఅంచు దాకా ఎత్తు కొలవాలి. టేపును గోడ పక్కన దించి కొలిస్తే పొరపాటే. మెట్లు ఆనే చోటు గోడకు నాలుగైదు అడుగుల దూరంలో ఉంటుంది, వీధి అక్కడికి వాలుగా ఉంటుంది. తిన్నె మీద నుంచి బయటికి ఒక నిటారు కర్ర పెట్టి, రసమట్టం చూసుకుని, మొదటి మెట్టు వచ్చే చోటికి దించి కొలవండి.

ఈ ఎత్తు 42 అంగుళాలు అనుకుందాం. ఆరు ఎత్తులుగా పంచితే ఒక్కొక్కటి 7 అంగుళాలు. మెట్టు వెడల్పు 11. రెండు ఎత్తులు, ఒక వెడల్పు కలిపితే 24, 25 అంగుళాల దగ్గర ఉండాలన్నది మెట్లు కట్టేవాళ్ల పాత లెక్క. ఇక్కడ 7, 7, 11 కలిపితే 25. ముసలివాళ్లు కూడా ఆయాసం లేకుండా ఎక్కగలరు. ఎత్తులు ఆరు కాబట్టి మెట్లు ఐదు, ఆరోది తిన్నె. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలనేవాళ్లకు లెక్క కుదిరింది. కొన్ని ఇళ్లలో తిన్నెను కూడా మెట్టుగానే లెక్కపెడతారు. అప్పుడు ఐదు కాస్తా ఆరు అవుతుంది. ఆ పట్టింపు ఉంటే 6 అంగుళాల ఎత్తులు ఏడు చేసి, వెడల్పు 12½ ఇవ్వండి. మెట్లు ముందుకు మరో 20 అంగుళాలు వస్తాయి, చోటుంటేనే. కొయ్య కోశాక ఈ మాట ఎత్తితే ఎవరూ ఏమీ చేయలేరు కాబట్టి ఇంట్లో పెద్దలను ముందే అడగండి.

అన్ని ఎత్తులూ సమానంగా ఉండటం అన్నిటికంటే ముఖ్యం. ఒక్క మెట్టు అర అంగుళం తేడా ఉన్నా, చీకట్లో కాలు తట్టుకునేది దానికే.

అడుగు మెట్టు రాయిదే

ఐదింటిలో మొదటిది కొయ్యతో చేయకండి. సానిపి నీళ్లు చిమ్మే మేర అంతా రాయే ఉండాలి. చిత్తూరు, కుప్పం వైపు గ్రానైటుకు కొదవ లేదు. 4 అడుగుల పొడవు, 25 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం ఉన్న బండ ఒకటి చెప్పండి. పైముఖం పాలిష్ వద్దు, గరుకుగా ఉండాలి. 25 అంగుళాల్లో ముందున్న 11 కాలు పెట్టే మెట్టు, వెనకున్న 14 పక్క దూలాల పాదాలు ఆనే చోటు. గోడ దాకా ఇంకో 30 అంగుళాలు ఖాళీగా ఉంటుంది. నీళ్లు పారే దారి అదే.

బండ కింద 9 అంగుళాలు తవ్వి, 4 అంగుళాల మేర 1:4:8 పాళ్లలో (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు వేసి, దానిమీద ఇటుకో రాయో 1:6 పాళ్ల సిమెంటు, ఇసుకతో కట్టి, బండతో కలిపి వీధి మట్టానికి సరిగ్గా 7 అంగుళాలు తేల్చాలి. వీధి వైపుకు పావు అంగుళం వాలు ఇవ్వండి. ఈ బండ నూరు కిలోలు దాటుతుంది. ఇద్దరితో ఎత్తించే పని పెట్టుకోవద్దు, నలుగురు కావాలి. కట్టాక వారం రోజులు నీళ్లు పట్టి, ఆ తరవాతే కొయ్య ఆనించండి.

కొయ్య

ఎండావానా పడే చోటికి మన దగ్గర దొరికేవాటిలో టేకు, వేగిస, నల్లమద్ది సరిపోతాయి. టేకు తేమకు ఉబ్బడం, కుంచించుకుపోవడం తక్కువ, పని తేలిక. వేగిస, షుగరు ఉన్నవాళ్లు నీళ్లు పోసుకుని తాగే చెక్క గ్లాసు చేసే కొయ్యే, గట్టిది, చెదలకు తొందరగా లొంగదు. కానీ మొదటి వానల్లో రంగు దిగుతుంది. సున్నం కొట్టిన గోడ మీద, రాతి మెట్టు మీద ఆ చారలు పడతాయి. నల్లమద్ది బరువు, గట్టి. సరిగ్గా ఆరకపోతే మాత్రం పగుళ్లు తీస్తుంది. మామిడి చవగ్గా వస్తుందని బయట మెట్లకు వాడొద్దు.

పేరు కంటే చేవ, అంటే మాను నడుమ ఉండే ముదురు కొయ్య, ముఖ్యం. టేకు అయినా సరే, చేవ చుట్టూ ఉండే తెల్ల కొయ్యకు టేకు గుణం ఉండదు. పుచ్చు, చెద ముందు దాన్నే పడతాయి. పలక అంచున తెల్ల చార వేలెడు వెడల్పు ఉన్నా ఆ పలక పక్కన పెట్టించండి, లేదా ఆ మేర కోసేయించి మిగిలిన దానికే డబ్బివ్వండి. పలక చివర చూస్తే గీతలు నిలువుగా నిలబడి ఉన్నది ఎక్కువ వంగదు, ఇంద్రధనుస్సులా వంపు తిరిగినది డొప్పలా లేస్తుంది. పాత ఇళ్లు కూల్చిన చోట దొరికే టేకు దూలాలు కోయించుకుంటే ఇంకా మంచిది. ఎన్నో ఏళ్లు ఆరిన కొయ్య అది. మిల్లుకు ఇచ్చేముందు అయస్కాంతంతో అంతా తడిమి మేకులు తీయించాలి, లేకపోతే రంపం పళ్లు పోతాయి.

ఆరిందా లేదా అన్నది తేమ కొలిచే మీటరుతో చూస్తే 15 శాతం లోపు ఉండాలి. మీటరు లేకపోతే ఒక చిన్న ముక్కను వంటింటి త్రాసులో తూచి రాసుకుని, ఎండ తగలని గాలి చోట వారం ఉంచి మళ్లీ తూచండి. బరువు తగ్గుతూ ఉంటే అది ఇంకా పచ్చిదే. పచ్చి కొయ్యతో కట్టినవి ఏప్రిల్, మే నాటికి వదులై కిర్రుమంటాయి. ఈ పనికి మంచి కాలం ఫిబ్రవరి నుంచి మే దాకా. కొయ్య ఆరి ఉంటుంది, నూనె పడుతుంది, అక్టోబరు లోపు అంతా సర్దుకుంటుంది.

కావాల్సిన లెక్క: ఒక్కో మెట్టుకు రెండు పలకల చొప్పున నాలుగు మెట్లకు 8 పలకలు, ఒక్కొక్కటి 3½ అడుగుల పొడవు, 5½ అంగుళాల వెడల్పు, 1½ మందం. పక్క దూలాలు రెండు, 5½ అడుగులు, 10 అంగుళాలు, 2 అంగుళాలు. గోడ వైపు అడ్డకొయ్య 4 అడుగులు, 6 అంగుళాలు, 2 అంగుళాలు. చేతికర్రకు 4 అడుగుల గుంజలు రెండు, 2½ చదరం. చేతికర్ర 5½ అడుగులు. అడుగుల పొడవును అంగుళాల వెడల్పుతో, మందంతో గుణించి 144తో భాగిస్తే సీఎఫ్‌టీ, అంటే ఘనపు అడుగులు, వస్తుంది. అన్నీ కలిపితే తేలిన కొలతల్లో 4 సీఎఫ్‌టీ. చిత్రిక పట్టాక మందం తగ్గుతుంది, చివర్లు కోయాలి కాబట్టి 5¼ కొనండి. మిల్లులో "ఒకటిన్నర పలక" అని చెబితే చిత్రిక పట్టాక ఒకటింబావే మిగులుతుంది. కోత ఒకటిముప్పావు అని చెప్పాలి.

కోత, బిగింపు

పక్క దూలాన్ని రంపపు పళ్లలా మెట్లు మెట్లుగా కోసి, దానిమీద పలకలు పరచడం చాలామంది ఆచారుల అలవాటు. ఇంట్లో మిద్దె మెట్లకు అది బాగానే ఉంటుంది. బయట వద్దు. ప్రతి కోత దగ్గరా కొయ్య పీచు కొనలు పైకి తెరుచుకుంటాయి. పలక పక్కల నుంచి దూరే నీళ్లకంటే ఈ కొనల నుంచి దూరేవి ఎన్నో రెట్లు ఎక్కువ. గడ్డిపరకల కట్టను నీళ్లలో నిలబెట్టినట్టే. దూలంలో గాడి తీసి పలక చివర దించడం చూడ్డానికి అందంగా ఉంటుంది. కానీ ఆ గాడి ఒక చిన్న గిన్నె. మొదట్లో చెప్పిన రస్కు ముక్క తయారయ్యేది అందులోనే.

దూలాన్ని కోయకుండా, గాడి తీయకుండా నిండుగా ఉంచి, లోపలి ముఖానికి ఒక్కో మెట్టు కింద యాంగిల్ (L ఆకారపు లోహపు పట్టీ) ముక్క బిగించి, దానిమీద పలకలు కూర్చోబెట్టండి. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, 40×40×5 మి.మీ., 10 అంగుళాల ముక్కలు 8 కావాలి. దూలం వైపు మూడు బెజ్జాలు, పలక వైపు నాలుగు.

గీతలు పెట్టడానికి పెద్ద మూలమట్టం తీసుకుని ఒక చెయ్యి మీద 7, రెండో చెయ్యి మీద 11 గుర్తు పెట్టి, దూలం పైఅంచు వెంట నాలుగుసార్లు జరుపుకుంటూ గీయాలి. ఇలా వచ్చే గీత మెట్టు పైముఖం. యాంగిల్ బిగించాల్సింది దానికి 1½ అంగుళాల కింద. ఈ పలక మందం తీసేయడం మరచిపోతే మొదటి కొయ్య మెట్టు 8½, చివరిది 5½ అయి కూర్చుంటాయి. ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. అందుకే మొదటి దూలం గీశాక కోయకముందే రాతి మెట్టు మీద నిలబెట్టి, ప్రతి గీత ఎత్తూ టేపుతో చూసుకోండి. మొదటి కొయ్య మెట్టు బండకు 7, రెండోది 14, మూడోది 21, నాలుగోది 28, తిన్నె 35 రావాలి. సరిపోయాకే కోసి, దాన్నే అచ్చుగా పెట్టి రెండోది గీయాలి. రెండు దూలాలూ ఒకదానికొకటి ఎదురు ముఖాలుగా ఉండాలి. రెంటికీ ఒకే వైపు యాంగిళ్లు బిగించేస్తే ఒకటి పనికిరాదు.

యాంగిల్ బిగించేటప్పుడు వెనక ఒక్కో స్క్రూకు 2 మి.మీ. వాషరు వేయండి. ఇనుముకూ కొయ్యకూ మధ్య ఆ సందులోంచి నీళ్లు జారిపోతాయి. 8 మి.మీ. కోచ్ స్క్రూలు, అంటే పానాతో తిప్పే బోల్టు తల ఉన్న లావు స్క్రూలు, 40 మి.మీ. పొడవువి, 24 కావాలి. దూలం మందం 50 కాబట్టి అవతలికి పొడుచుకురావు. ముందు 6 మి.మీ. బెజ్జం వేయనిదే బిగించొద్దు, ముదురు కొయ్య చీలిపోతుంది. యాంగిల్‌ను ముందుకు 3 మి.మీ. వాలుతో బిగిస్తే మెట్టు మీద నీళ్లు నిలవవు. అంతకంటే ఎక్కువ వాలిస్తే కాలు జారుతుంది.

పలకలను పైనుంచి కొట్టకూడదు. "ఆచారీ, పైన ఒక్క మేకు కూడా కనిపించకూడదు" అని మొదటి రోజే చెప్పుకోండి. కింద నుంచి, యాంగిల్ బెజ్జాల్లోంచి, 10 నంబరు 32 మి.మీ. స్టెయిన్‌లెస్ స్క్రూలు 32 పడతాయి. మామూలు ఇనుప మేకు అయితే టేకు, వేగిస లాంటి కొయ్యల్లోని వగరుతో కలిసి నల్లబడి, తనూ తినుకుపోయి చుట్టూ ఉన్న కొయ్యనూ తింటుంది. స్టెయిన్‌లెస్‌తో ఒక ఇబ్బంది ఉంది. మెత్తటి లోహం కాబట్టి గట్టి కొయ్యలో సగం దిగి మెడ తెగుతుంది. ముందు 3.5 మి.మీ. బెజ్జం వేసి, అదే సైజు మామూలు ఇనుప స్క్రూను ఒకసారి పూర్తిగా దించి తీసేయండి. మర దారి పడుతుంది. తరవాత స్టెయిన్‌లెస్ స్క్రూకు కాస్త మైనం రాసి దించితే సాఫీగా పోతుంది.

రెండు పలకల మధ్య 6 మి.మీ. సందు, పలక చివరకూ దూలానికీ మధ్య 3 మి.మీ. సందు వదలాలి. ఎండాకాలంలో కట్టిన పలక వానల్లో రెండు మి.మీ. దాకా ఉబ్బుతుంది. సందు తక్కువైతే ముగ్గు పిండి, ఆకులు ఇరుక్కుని అది మూసుకుపోతుంది. 3½ అడుగుల పొడవున ఒక్కో పలక విడిగా ఉంటే నడుమ ఊగుతుంది. కింద మధ్యలో 10 అంగుళాల పొడవు, 2 వెడల్పు, 1 మందం ఉన్న అడ్డపట్టీ వేసి రెండు పలకలకూ కలిపి బిగిస్తే బరువు పంచుకుంటాయి. ఒక్కో పట్టీకి 50 మి.మీ. స్క్రూలు నాలుగు. పలకల పైఅంచులన్నీ కాస్త గుండ్రం తిప్పండి. పదునైన అంచు మీద నూనె గానీ రంగు గానీ నిలవదు.

మెట్ల మధ్య నిలువు పలకలు వద్దు, గాలి ఆడాలి. పాకే పిల్లలున్న ఇంట్లో మాత్రం 5½ అంగుళాల సందు ప్రమాదమే. నడుమ 2 అంగుళాల పట్టీ ఒకటి అడ్డంగా వేయండి.

దూలాల పైకొనలు ఆనే గోడ వైపు అడ్డకొయ్యను గోడకు అతికించినట్టు బిగించొద్దు. 20 మి.మీ. పైపు ముక్కలు మధ్యలో పెట్టి నాలుగు బోల్టులు వేయాలి. పాత గోడలో, బిగించేకొద్దీ బెజ్జంలో విప్పారి పట్టుకునే రకం యాంకర్ బోల్టు వేస్తే సున్నపు అతుకు పగిలి వదులైపోతుంది. అతుకులో కాకుండా రాయి నడుమ బెజ్జం వేసి, ఊది శుభ్రం చేసి, రసాయన జిగురు యాంకర్ వేయించండి. జిగురు గట్టిపడే సమయం ట్యూబు మీద ఉంటుంది, అంతవరకు నట్టు ముట్టుకోవద్దు.

దూలాల పాదాల కింద 10 మి.మీ. మందం ఉన్న స్టెయిన్‌లెస్ ముక్కలు, రెండంగుళాల చదరం, పెట్టి పైకి లేపండి. కొయ్య కొన నేరుగా బండను తాకకూడదు. ఆ కొనకు ముందే ఎపాక్సీ, అరాల్డైట్ లాంటిది, రెండు పూతలు పట్టించాలి. పక్కకు జరగకుండా లోపలి వైపు చిన్న యాంగిల్ వేసి బండకు బోల్టు వేస్తే చాలు. మెట్లు విప్పాల్సి వచ్చినప్పుడు ఆ రెండు బోల్టులు, పైనున్న నాలుగు తీస్తే మెట్లన్నీ ఒక్క ముక్కగా లేస్తాయి.

చేతికర్ర మెట్టు అంచు నుంచి 36 అంగుళాల ఎత్తులో ఉండాలి. గుంజలను దూలం బయటి ముఖానికి, మధ్యలో వాషర్లు పెట్టి, ఒక్కోదానికి రెండు 10 మి.మీ. బోల్టులతో కాస్త ఎడంగా బిగించండి. గుంజ పైకొన ఏటవాలుగా కోయాలి. చదునుగా వదిలితే ఆ కొనే ముందు చీకుతుంది.

మందు, నూనె

అన్ని కోతలు, బెజ్జాలు అయ్యాక, చివరిసారి బిగించే ముందు అంతా విప్పి మందు పట్టించాలి. బిగించాక రాస్తే అసలు పట్టాల్సిన చోట్లకే అది చేరదు. 5 లీటర్ల గోరువెచ్చని నీళ్లలో 300 గ్రాముల వెలిగారం, 200 గ్రాముల బోరిక్ పౌడర్ కరిగించండి. క్యారమ్స్ బోర్డు మీద చల్లేదీ బోరిక్ పౌడరే. కానీ ఇంత మోతాదుకు రసాయనాల కొట్లో కొనడం నయం. పలకల చివర్లను అరగంట ఆ నీళ్లలో నిలబెట్టి, మిగతా అంతా బ్రష్‌తో మూడుసార్లు రాయండి. బూజుకూ చెదకూ రెంటికీ పనిచేస్తుంది. పిల్లలకు, పశువులకు అందనివ్వొద్దు, చేతికి గ్లౌజులు వేసుకోండి. ఈ మందు నీళ్లలో కరిగేదే కాబట్టి వానకు కడుక్కుపోతుంది. దాన్ని లోపల పట్టి ఉంచే పూత పైన ఉండి తీరాలి. నీడలో ఐదు రోజులు ఆరాక నూనె.

వార్నిష్ వద్దంటాను. మొదటి ఆరు నెలలు అద్దంలా మెరుస్తుంది. మన ఎండకు పెళుసెక్కి సన్నని పగుళ్లు తీస్తుంది. పగుళ్లలోంచి లోపలికి పోయిన నీళ్లకు మళ్లీ బయటికి దారి ఉండదు. పొర కింద కొయ్య నల్లబడుతూ ఉంటుంది, తెలిసేసరికి గీకి తీయడానికే రెండు రోజులు పడుతుంది. కాచిన అవిసె నూనె మేలు. మొదటి పూతకు రెండు పాళ్ల నూనెలో ఒక పాలు టర్పెంటైన్ కలపండి, తరవాతి రెండు పూతలు వట్టి నూనె. ఒక్కో పూత రాసిన అరగంటకు పైన మిగిలినదంతా గుడ్డతో తుడిచేయాలి. తుడవకపోతే జిగటగా మిగిలి దుమ్మంతా పట్టుకుంటుంది. పూతకూ పూతకూ మధ్య ఒకటి రెండు రోజులు ఆగండి. మొత్తం 2 లీటర్లు సరిపోతుంది. పలకల పైముఖాన్ని 80 నంబరు గరుకు కాగితం దాటి నునుపు చేయొద్దు, తడి కాలు జారుతుంది.

నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండలో ఆ వేడి బయటికి పోలేక నిప్పు దానంతట అదే అంటుకుంటుంది. ఒక్కో గుడ్డను విడిగా దండెం మీద పరిచి ఆరేయండి, లేదా నీళ్ల బకెట్లో ముంచి పెట్టండి. పనివాళ్లకూ ఈ మాట గట్టిగా చెప్పండి.

మెట్లు నిలబడ్డాక ఇంట్లోవాళ్లకు చెప్పుకోవాల్సింది కొంచెమే. బకెట్ నీళ్లు, సానిపి రాతి మెట్టు దాకానే. కొయ్య మెట్లకు పిండిన తడిగుడ్డ. పూలకుండీ మెట్టు మీద పెట్టొద్దు, కుండీ కింద గుండ్రటి చీకు పడటానికి ఒక్క వానాకాలం చాలు. తులసి కోటకు, కుండీలకు తిన్నె ఉంది కదా. ఏటా మే నెలలో ఒక పూత నూనె. సెప్టెంబరు చివర, వానలకు ముందు, ఒక పాత హ్యాక్సా బ్లేడు తీసుకుని ప్రతి పలక సందులోనూ, పలక చివరకూ దూలానికీ మధ్యా ఒకసారి లాగండి. ముగ్గు పిండి, ఎండుటాకులు, అగరుబత్తి పుల్లలు బయటికి వస్తాయి. బ్లేడు ఎక్కడైనా మెత్తగా దిగితే ఆ పలక కింది నాలుగు స్క్రూలూ, అడ్డపట్టీవి రెండూ విప్పి, తిరగేసి చూడండి.